గుండె ముక్కలైందా? పలాసలో అడుగు!

ప్రేమ విఫలమైన కవిత ఎవరి స్టేటస్‌లోనైనా కనిపిస్తే మనం చేసేవి మూడే పనులు. విరిగిన గుండె బొమ్మ పెడతాం. లేదా "స్ట్రాంగ్‌గా ఉండు బ్రో" అంటాం. అదీ కాకపోతే వేలితో పక్కకి జరిపేస్తాం. ఈ మూడింటికీ కవిత చదవక్కర్లేదు. నాలుగోది ఒకటుంది, వెటకారం. దానికి మాత్రం ప్రతి లైనూ చదవాలి. అందుకే నా ఓటు దానికే.

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇదేం కొత్త విద్య కాదు. ఎవడైనా మొహం వేలాడేసుకుని కూర్చుంటే "ఏటైనాదిరా గుంటడా?" అని మొదలెడతారు. అందులో ఎగతాళి ఎంతో, ఓదార్పు ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

మొన్న నాతో ఇంజనీరింగ్ చదివిన పలాస ఫ్రెండ్ ఒకడు తను రాసిన కవిత పంపాడు. లైను లైనుకీ రిప్లై కొట్టాను. వాడి పర్మిషన్‌తోనే కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

వాడు: "నువ్వు నడిచెళ్ళిన దారంతా నా గుండె ముక్కలే."

నేను: "మీ ఊళ్ళో జీడిపప్పు ముక్కలైపోతే పారేస్తారేట్రా? గుండుకో రేటు, బద్దకో రేటు, ముక్కకో రేటు. రేటు తగ్గుతాది గానీ సరుకు సరుకే. ఉప్మాలోకి ముక్కే కదా ఏస్తారు!"

వాడు: "నా కన్నీరు నాగావళై పొంగుతోంది."

నేను: "నాగావళి పుట్టింది ఒడిశా కొండల్లో. పైన గట్టిగా వాన పడితే కింద శ్రీకాకుళంలో వరదొస్తాది. నీకు పైన ఎక్కడ పడిందిరా వాన?"

వాడు కాసేపాగి: "అప్రైజల్లో కూడా ఏటీ రాలేదురా."

అదీ సంగతి! అంటే ఆ వరదలో సగం నీళ్ళు ఆ అమ్మాయి ఖాతాలోవి కావు. మేనేజర్ ఖాతాలోవి. విరిగిన గుండె బొమ్మ పెట్టి ఊరుకుంటే ఈ విషయం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

చివరి లైను: "ఎందుకు నన్ను మోసం చేశావు?"

నేను: "ఏం మాటిచ్చి తప్పింది?"

టైపింగ్ అని వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, పోయింది. ఆఖరికి, "మాటేటీ ఇవ్వలేదులే. ఇష్టం లేదని అప్పుడే సెప్పేసింది."

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. గాయపడిన ప్రేమ కవితలో మాట్లాడేది ఒక్కరే. రెండో మనిషికి పేరుండదు, మాటుండదు, వెళ్ళిపోవడం ఒక్కటే పని. వాదీ కవే, సాక్షీ కవే, జడ్జీ కవే. పుస్తకంలో ఉన్నంతసేపూ ఫర్వాలేదు. అదే స్టేటస్‌లో పెడితే, "మోసం" అన్న మాట దగ్గర గ్రూపంతా ఆగుతుంది. "ఎవరురా ఆ అమ్మాయి?" అని మొదలవుతుంది. సాయంత్రానికి ఆమె ఇన్‌స్టా ఖాతా కింద తెలియనివాళ్ళు తీర్పులు రాస్తుంటారు. ఆమె చేసిందల్లా "ఇష్టం లేదు" అని మర్యాదగా చెప్పడం!

మావాడు ఆ లైను మార్చాడు. "నేనడిగాను, నువ్వు కాదన్నావు, ఇంకా ఇదే దారిలో నడుస్తున్నాను" అని రాశాడు. నన్నడిగితే ఇదే ఎక్కువ బాధగా ఉంది. కానీ ఇందులో ముద్దాయి లేదు.

ఇలా ఎదురు మాట్లాడే గొంతుని మా విజయనగరం ఎప్పుడో స్టేజీ ఎక్కించింది. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం మొదటిసారి 1892లో అక్కడే ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో దాదాపు కొత్త నాటకమే అన్నంతగా తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేది అదే. అందులో గిరీశం ఈ కాలంలో పుట్టి ఉంటే రోజుకి పది స్టేటస్‌లు పెట్టే రకం. ఇంగ్లీషూ తెలుగూ కలిపి ప్రాస కడతాడు. వితంతువు మీద ఇంగ్లీషు కవిత రాసి శిష్యుడు వెంకటేశం దగ్గర గొప్పలు పోతాడు. ఆ మాటలు మాత్రమే వింటే మనమూ పడిపోతాం. కానీ మధురవాణి ఉంది. ఆవిడ తిట్టదు, ఏడవదు. ఒక చిన్న మాట అని నవ్వుతుంది. అంతే, గాలి తీసిన బెలూనే.

సినిమాల్లో చూసినా ఇదే తేడా. వినోదా వారు 1953లో దేవదాసు తీశారు, 1955లో కన్యాశుల్కం తీశారు. రెండింట్లోనూ సావిత్రే. పార్వతిగా ఏడిపించింది, మధురవాణిగా ఆటపట్టించింది. మనవాళ్ళు ప్రేమ పోగానే గడ్డం పెంచి దేవదాసు పోజు పెడతారు గానీ, రెండేళ్ళకే అదే కంపెనీ విడుదల చేసిన విరుగుడు సంగతి మర్చిపోతారు!

ఇది కవిని అవమానించడం కాదా అని అడగొచ్చు. జరుక్ శాస్త్రి గారు శ్రీశ్రీ కవితకే పేరడీ కట్టారు. శ్రీశ్రీ ఏమైనా తగ్గిపోయాడా? పేరడీ రాయాలంటే ముందు ఆ కవిత నోటికి రావాలి. అంతకన్నా గౌరవం ఏముంటుంది?

కానీ ఒక హద్దుంది. వెటకారం పోలిక మీద చెయ్యాలి, అతిశయోక్తి మీద చెయ్యాలి. మనిషి మీద కాదు, ఆ అమ్మాయి మీద అసలే కాదు. నలుగురున్న గ్రూపులో కాదు, ఇద్దరి మధ్యే. ఇంకొకటి. "ఇక బతకను" అనే మాట కవితలో వచ్చినా సరే, అది పోలికో నిజమో మనం ఊహించకూడదు. అక్కడ జోకు ఆపి ఫోన్ చెయ్యాలి. నేరుగా అడగాలి, కుదిరితే వెళ్ళి పక్కన కూర్చోవాలి. టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. సేవ్ చేసి పెట్టుకోండి.

మిగతా కవితలకి మాత్రం మొహమాటపడకండి. ఈసారి ఎవరైనా "నా గుండె ఎడారి" అని పెడితే బొమ్మ పెట్టి పారిపోవద్దు. "ఒంటెలు ఎన్నున్నాయేటి?" అని అడగండి. అవతలివాడు ముందు నవ్వుతాడు. ఆ తర్వాత అసలు కథ చెప్తాడు.