మోతాదు ఎవరు లెక్కగట్టాలి?

1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో అయిదు కిలోమీటర్లకు పైగా ఎగిరి, పైకి వెళ్లేకొద్దీ రేడియేషన్ పెరుగుతుందని కనిపెట్టారు. అంతకు రెట్టింపు ఎత్తులో ఇవాళ విమాన సిబ్బంది బతుకుతెరువు సాగుతోంది. ఈ సంచిక ముఖకథ వాళ్ల గురించే.

2018లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలో అయిదు వేల మందికి పైగా క్యాబిన్ సిబ్బంది ఆరోగ్యంపై అధ్యయనం ప్రచురించారు. మహిళా సిబ్బందిలో రొమ్ము క్యాన్సర్ 3.4 శాతం, సాధారణ మహిళల్లో 2.3 శాతం. చర్మ క్యాన్సర్లూ ఎక్కువే. ఆ ఎత్తులో తగిలే రేడియేషన్, అంటే కాస్మిక్ కిరణాలే కారణమని తేల్చడం కష్టం. రాత్రి డ్యూటీలు, చెదిరే నిద్ర, ఒకప్పుడు క్యాబిన్లో నిండిన సిగరెట్ పొగ, అన్నీ కలిసే ఉన్నాయి. అంతమాత్రాన కొలవడం మానేస్తే ఎలా?

ఐరోపా సమాఖ్యలో సిబ్బందికి తగిలే రేడియేషన్ ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ మోతాదు కొలమానం) దాటే అవకాశముంటే విమానయాన సంస్థ ఆ మోతాదును లెక్కగట్టాలి, డ్యూటీలు వేసేటప్పుడు దాన్ని గమనించాలి. అమెరికాలో సిబ్బంది సగటు వార్షిక మోతాదు 3 మిల్లీసీవర్ట్‌ల దాకా ఉంటుందని అంచనా. అక్కడ సిఫార్సులే తప్ప చట్టపరమైన పరిమితి లేదు. ఇది అన్యాయం.

లెక్కకు పెద్ద ఖర్చేమీ కాదు. మార్గం, ఎత్తు, ప్రయాణ సమయం తెలిస్తే చాలు. అందుకు పనికొచ్చే ‘కారి’ ప్రోగ్రాంను తయారుచేసింది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థే.