యానాం ఉపాధ్యాయుడు, పీజ్ గ్రామం

పార్లమెంటు సమావేశాలు ముగిసిన తీరికలో రెండు రోజులు పుదుచ్చేరిలో గడిపాను. సాయంత్రం సముద్రతీరాన యానాం నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు పరిచయమయ్యారు. సచివాలయంలో ఏదో ఫైలు కదిలించుకోవడానికి వచ్చారట. ''మా ప్రభుత్వం ఇక్కడ, మా భాష అక్కడండీ'' అన్నారు నవ్వుతూ. పుదుచ్చేరిలో ఆకాశవాణి ఉంది, దూరదర్శన్ కేంద్రమూ ఉంది. కాని యానాం ఇక్కడికి 800 కిలోమీటర్ల పైమాటే. కాకినాడ చెంతనున్న ఆ తెలుగువాడు తన ఊరి గోడును ఏ తెరమీద చూసుకోవాలి?

ఆ ప్రశ్నకు ఈ దేశం ఒకప్పుడు జవాబు కనుగొన్నది. దానిని చేజేతులా పాతిపెట్టింది కూడా.

1975లో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ చేరింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏడాది తిరగ్గానే, 1976 జులై ఆఖరుకు, ఆ ప్రయోగం ముగిసింది. పల్లెలలోని టీవీ పెట్టెలు మూగబోయాయి. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మాత్రం కథ వేరుగా నడిచింది. అక్కడి పీజ్ అనే గ్రామంలో ఒక కిలోవాట్ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు. అహమదాబాద్‌లోని అంతరిక్ష శాస్త్రజ్ఞులే కార్యక్రమాలు తయారుచేసేవారు. ఖేడా అంటే అమూల్ పాల జిల్లా. పాల సంఘాల దగ్గర ఉమ్మడి టీవీ పెట్టి ఊరంతా చూసేది. చూడటమొక్కటే కాదు, రైతులూ కూలీలూ తామే నటించారు. కనీస వేతనం, అంటరానితనం, అధికారుల అలసత్వం వంటి విషయాలు వారి సొంత యాసలోనే తెరకెక్కాయి. ఢిల్లీ తెరకు ఆ ధైర్యం ఎన్నడూ కలగలేదని వేరే చెప్పనక్కరలేదు. 1984లో యునెస్కో గ్రామీణ ప్రసార బహుమతి ఈ ప్రయోగానికి లభించింది.

మరుసటి ఏడాదే పీజ్ కేంద్రం మూతపడింది! అహమదాబాద్‌లో శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్ వచ్చింది గనుక పీజ్‌తో పనిలేదన్నారు. గ్రామస్థులు అడ్డుపడ్డారు, లాభం లేకపోయింది. ఏలినవారి లెక్కలో టెలివిజన్ అంటే సంకేతం అందడమే. ఎవరి మాట అందుతున్నదన్నది వారికి పట్టలేదు.

అవి ఎలాంటి రోజులో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 1982 ఆసియా క్రీడలతో రంగుల బొమ్మ వచ్చింది. 1984 ఎన్నికల ముందు దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు పుట్టగొడుగుల్లా మొలిచాయి. వాటిలో అత్యధికం ఢిల్లీ చెప్పింది వల్లించే చిలుకలే. ఆ పాత ట్రాన్స్‌మిటర్లను కూడా 2021-22లో, కొద్దిపాటి మినహాయింపులతో, ప్రసార భారతి ఆపివేసింది.

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. రేడియో విషయంలో అది కొంతవరకు ఫలించింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు అనుమతి దొరకగా, 2008లో మెదక్ జిల్లా మాచనూరులో దళిత మహిళల సంఘం రేడియో మొదలైంది. నేలమీది టెలివిజన్ ప్రసారాలు మాత్రం ఇప్పటికీ దూరదర్శన్ గుత్తసొత్తే. యానాం వంటి చోటికి మాచనూరు పాటి చిన్న తెరను అనుమతించడానికి అడ్డేమిటో ఏ మంత్రిగారైనా సభలో చెబితే వినాలని ఉంది. పుదుచ్చేరికి లోక్‌సభలో ఒకటి, రాజ్యసభలో ఒకటి స్థానాలున్నాయి. ప్రశ్న వేయడానికి ఒక్క సభ్యుడు చాలు.

పీజ్ సంగతి ఉపాధ్యాయుడికి చెప్పాను. ఆయన ఆ పేరు వినలేదు. చిన్న కాగితం మీద రాసుకుని, బస్సుకు వేళయిందంటూ లేచారు. ఫైలు ఇంకా కదలలేదట.