కాలిబాట చూసి ఇల్లు తీసుకోండి

ఉద్యోగరీత్యా కోల్‌కతా చేరే తెలుగువారు ఏ కాలంలోనూ తక్కువ కాదు. గార్డెన్ రీచ్‌లోని రైల్వే ప్రధాన కార్యాలయానికీ, హుగ్లీ ఒడ్డున ఉన్న జనపనార మిల్లులకూ ఉత్తరాంధ్ర నుంచి ఒక తరం మొత్తం తరలివెళ్ళింది. ఇప్పుడు యూకో బ్యాంకు, కోల్ ఇండియా, భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, సాల్ట్ లేక్ సెక్టర్ 5లోని ఐటీ కార్యాలయాలు మనవారిని పిలుస్తున్నాయి. బదిలీ ఉత్తర్వు అందిన మిత్రులు ఫలక్‌నుమా ఎక్కేలోపే ఇంటి గురించి వాకబు మొదలుపెడతారు. లిఫ్టు ఉందా, కారు పెట్టుకోవడానికి చోటుందా, గేటు దగ్గర కాపలా ఉందా, తూర్పు వాకిలేనా? ఆ వీధిలో నడవగలమా అని మాత్రం ఎవరూ అడగరు.

ఇది హైదరాబాద్ నేర్పిన అలవాటు. ఉదయపు నడక కోసం కారులో కేబీఆర్ పార్కు దాకా వెళ్ళి, చుట్టూ నడిచి, మళ్ళీ కారులో ఇంటికి వచ్చే నగరం మనది. నడక మనకు వ్యాయామం. ప్రయాణ సాధనం కాదు. కోల్‌కతాలో ఈ లెక్క తిరగబడుతుంది. ఆ నగర విస్తీర్ణంలో రోడ్ల వాటా దాదాపు 6 శాతమేనని పట్టణ రవాణా నిపుణులు ఎంతోకాలంగా చెబుతున్నారు. ఢిల్లీలో అది 20 శాతం పైనే. ఇంత ఇరుకు నగరంలో కారు కొన్నవాడికి దక్కేది నిరీక్షణే. నడవగలిగిన వాడే అక్కడ సమయానికి చేరతాడు.

అందుకే నా సలహా ఒక్కటే. ఫ్లాటు కంటే ముందు వాడను ఎంచుకోండి. మన ‘వాడ’కు దగ్గరి చుట్టం బెంగాలీల ‘పాడా’. చేపల బజారు, మందుల దుకాణం, మిఠాయి కొట్టు, క్లబ్బు గది, దుర్గాపూజ పందిరి అన్నీ పది నిమిషాల నడకలో ఇమిడిన చిన్న ప్రపంచమది. మన అరుగు లాంటిదే అక్కడి ‘రోయాక్’. సాయంత్రం వేళ దాని మీద కూర్చున్న ముసలివారే ఆ వీధికి జీతం లేని కాపలాదారులు. దక్షిణాన భవానీపూర్, లేక్ మార్కెట్, గరియాహాట్. ఉత్తరాన శ్యాంబజార్, బాగ్‌బజార్ ఈ కోవలోవి. లేక్ మార్కెట్ ప్రాంతంలో దక్షిణాది కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇడ్లీ పిండి, కరివేపాకు కోసం వెతుక్కోనక్కరలేదు. కాళీఘాట్ మెట్రో స్టేషను అక్కడికి నడక దూరం. 2025 ఆగస్టులో హౌరా మైదాన్ నుంచి సెక్టర్ 5 దాకా మెట్రో మార్గం పూర్తయింది. ఆఫీసు పక్కనే ఇల్లు ఉండి తీరాలన్న నిబంధన దీంతో సడలింది.

సాల్ట్ లేక్, న్యూటౌన్ సంగతి వేరు. సాల్ట్ లేక్‌కు యుగోస్లావియా వాస్తుశిల్పి దొబ్రివోయే తోష్కోవిచ్ రూపకల్పన చేశారు. చెట్లు, పార్కులు, ప్రశాంతమైన వీధులు ఉన్నాయి. న్యూటౌన్‌లోనూ విశాలమైన కాలిబాటలు, సైకిలు దారులు వేశారు. అయితే కాలిబాట ఉండటం వేరు, ఆ బాట మనల్ని ఎక్కడికైనా చేర్చడం వేరు. పాల ప్యాకెట్టు కోసం కిలోమీటరున్నర నడవాల్సి వస్తే ఎంత నున్నని బాట అయినా అలంకారమే. మరో తేడా కూడా గమనించాలి. కోల్‌కతా నగరపాలక సంస్థలో 144 వార్డులు, 144 మంది కౌన్సిలర్లు. న్యూటౌన్‌ను నడిపేది 2007 నాటి చట్టంతో ఏర్పడిన అభివృద్ధి ప్రాధికార సంస్థ. అక్కడ కాలిబాట పగిలితే దరఖాస్తు పెట్టాలి. భవానీపూర్‌లో పగిలితే కౌన్సిలర్‌ను నిలదీయవచ్చు, వినకపోతే ఓడించవచ్చు. ఇల్లు ఎంచుకునేటప్పుడు మనకు తెలియకుండానే మన ప్రజాస్వామ్యపు పరిమాణాన్ని కూడా ఎంచుకుంటున్నాం.

పాత వాడల్లో నడక సుఖమని నేను అనడం లేదు. గరియాహాట్‌లో సాయంత్రం వేళ కాలిబాట మీద మనిషి పట్టడు. చీరలు, చెప్పులు, గిన్నెలు, పుచ్‌కా బండ్లు దాన్ని ఆక్రమించి ఉంటాయి. కొత్తగా వచ్చినవారికి కోపం రావడం సహజం. కానీ ఆ కోపం వెనుక మూడు దశాబ్దాల రాజకీయం ఉంది. 1996 నవంబరులో వామపక్ష ప్రభుత్వం ‘ఆపరేషన్ సన్‌షైన్’ పేరుతో రాత్రికి రాత్రి హాకర్లను తొలగించింది. శ్రామికుల పేరిట పాలించే ప్రభుత్వమే చిరువ్యాపారుల దుకాణాలు కూల్చింది. ఆనాడు ప్రతిపక్షంలో ఉండి హాకర్ల పక్షాన నిలిచిన మమతా బెనర్జీ ముఖ్యమంత్రిగా 2024 జూన్‌లో ఆక్రమణలపై అధికారులను మందలించారు, బుల్డోజర్లు కదిలాయి. రోజుల వ్యవధిలోనే ఆమె నెల రోజుల గడువు ఇచ్చి వెనక్కి తగ్గారు. అధికారం మారినా, పార్టీ మారినా హాకరు బతుకు మాత్రం ‘గడువు’ మీదే నడుస్తోంది.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం దీనికి పరిష్కారం చూపింది. ముందు సర్వే చేయాలి, వ్యాపారుల ప్రతినిధులతో పట్టణ విక్రయ కమిటీ వేయాలి, విక్రయ స్థలాలు గుర్తించాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. రాజ్యాంగం కూడా ఇరుపక్షాలనూ ఒకే అధికరణం కిందకు తెచ్చింది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో జీవనోపాధి హక్కు 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మే నెలలో అదే న్యాయస్థానం, అడ్డంకులు లేని కాలిబాటపై నడిచే హక్కు కూడా అదే అధికరణంలో ఉందని స్పష్టం చేసింది. హాకరు, పాదచారి ఇద్దరూ ఒకే హక్కు కింద నిలబడ్డారు. వారిద్దరినీ తగవులోకి దింపి తాను తప్పుకుంటున్నది ప్రభుత్వం.

ఎందుకంటే అసలు ఆక్రమణదారు కాలిబాట మీద లేడు, రోడ్డు మీద ఉన్నాడు. రోజంతా నిలిపి ఉంచే ఒక్క కారు ఆక్రమించే చోట మూడు నాలుగు హాకరు కుటుంబాలు బతుకుతాయి. దాన్ని ఎవరూ ఆక్రమణ అనరు, పార్కింగ్ అంటారు. 2013లో కోల్‌కతాలో 174 రోడ్లపై సైకిళ్ళను నిషేధించారు. తర్వాత జాబితా కుదించినా ఆలోచన మారలేదు. 1873లో గుర్రాలతో మొదలైన ట్రాము, ఒక్క పైసా చార్జీ పెంపు మీద 1953లో నగరం మొత్తాన్ని వీధుల్లోకి తెచ్చిన ట్రాము, మైదాన్–ఎస్‌ప్లనేడ్ మధ్య వారసత్వ ప్రదర్శనగా మాత్రమే మిగులుతుందని 2024 సెప్టెంబరులో రవాణా మంత్రి ప్రకటించారు. వాహనాలను కాదు, మనుషులను తరలించాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిన మాటకు ఇది నేరుగా విరుద్ధం. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది మరణిస్తే, వారిలో దాదాపు అయిదో వంతు పాదచారులే. ఈ విధానాలకు మూల్యం చెల్లిస్తున్నది వారు.

హాకర్లు లేని వీధి నిజంగా నడకకు అనువైనదేనా? రాత్రి పది గంటలకు ఆ ప్రశ్న వేసుకోండి. దీపం వెలిగే టీ కొట్టు, పరిచయమున్న పాన్ దుకాణదారు ఉన్న వీధిలో ఆడపిల్ల ధైర్యంగా ఇల్లు చేరుతుంది. 2024 ఆగస్టు 9న ఆర్‌జీ కర్ వైద్య కళాశాలలో యువ వైద్యురాలి హత్యాచారం వెలుగుచూసింది. ఆ 14వ తేదీ అర్ధరాత్రి వేలాది మహిళలు కోల్‌కతా వీధుల్లోకి వచ్చి నడిచారు. ‘రాత్రి మాది’ అని చాటడానికి వారు ఎంచుకున్న రూపం నడకే. నగరం ఎవరిదో తేల్చే కొలమానం ఫ్లైఓవర్ల సంఖ్య కాదని, ఒంటరి స్త్రీ ఏ వేళ దాకా నడవగలదన్నదేనని ఆ రాత్రి గుర్తు చేసింది.

వాన సంగతీ మరవరాదు. 2025 సెప్టెంబరు 23 తెల్లవారేసరికి నగరంలో 250 మిల్లీమీటర్ల పైచిలుకు వర్షం కురిసింది. నిలిచిన నీటిలో కరెంటు పారి పలువురు ప్రాణాలు కోల్పోయారు. వీరిలో ఎక్కువమంది పని కోసమో, ఇల్లు చేరడం కోసమో వీధిలో ఉన్న సామాన్యులు. నీరు నిలిచే వీధి ఎంత అందమైనదైనా ఏడాదిలో మూడు నెలలు నడకకు పనికిరాదు.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ‘ఎంచుకోవడం’ అన్న మాటే కొందరికి దక్కే వరం. ఈ నగరంలోనూ, మన హైదరాబాద్‌లోనూ, అద్దె అడగడానికి వెళ్ళిన వ్యక్తి పేరు విన్నాక ‘ఇల్లు ఇచ్చేశాం’ అనే యజమానులు ఉన్నారు. ఆ పేరు ముస్లిందైతే ఎంపిక నాలుగు వాడలకు కుదించుకుపోతుంది. బాలీగంజ్ ఇళ్ళలో పనిచేసే స్త్రీలు తెల్లవారుజామున కానింగ్, లక్ష్మీకాంతపూర్ లోకళ్ళలో వచ్చి, స్టేషను నుంచి ఇళ్ళ దాకా నడుస్తారు. ఆ వాడలో అందరికంటే ఎక్కువ నడిచేది ఆ వాడలో ఉండలేనివారే. నడకకు అనువైన ప్రాంతమన్న మాట అద్దె పెంచే ప్రకటనగా మిగిలిపోతే, అది మరో గేటెడ్ కమ్యూనిటీ అవుతుంది, గేటు కనిపించదు అంతే.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ వీధిలో మూడుసార్లు నడవండి. ఆఫీసు వేళ ఒకసారి, రాత్రి పదికి ఒకసారి, పెద్ద వాన వెలిసిన గంటకు ఒకసారి. మెట్రోకు ఎన్ని నిమిషాలు, రోడ్డు దాటడానికి ఎంతసేపు ఆగాలి, కిందటి వానకు నీరు ఎన్నాళ్ళు నిలిచిందన్నది టీ కొట్టువాడిని అడిగితే బ్రోకరు కంటే నిజాయితీగా చెబుతాడు. ఇల్లు కుదిరాక ఫారం 8 నింపి ఓటు అక్కడికి మార్చుకోండి. చాలామంది మనవాళ్ళు పదేళ్ళు ఒక నగరంలో ఉండి కూడా ఓటు సొంతూరిలోనే ఉంచుకుంటారు. తర్వాత కాలిబాట బాగోలేదని ఫేస్‌బుక్‌లో రాస్తారు. కౌన్సిలర్ ఫేస్‌బుక్ చదవకపోవచ్చు కానీ, ఓటర్ల జాబితా మాత్రం తప్పక చదువుతాడు.