పాత కంప్యూటరూ, కొత్త ఆటలూ, ఇంటి ఖర్చూ

పిల్లాడు కొత్త గేములు ఆడుకోవడానికి ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌ని బాగుచేయించమంటే మనం మొదట అనే మాట "చదువు లేదా?" రెండోది "మీ నాన్ననడుగు". ఈ రెండూ వద్దంటాను నేను. పక్కన కూర్చుని ఏ సామాను ఎందుకో మనమే అడగాలి. మిక్సీ కొనేటప్పుడు వాట్లు, జార్లు, గ్యారంటీ అన్నీ ఆరా తీసేవాళ్ళం, దీని దగ్గర మాత్రం ఎందుకు తప్పుకోవాలి?

మా డెస్క్‌టాప్ 2016లో కొన్నది. షాపతను ఇదింక పనికిరాదు, కొత్తది 70 వేలన్నాడు. మావారు రూపాయి కూడా దండగే అన్నారు. ఆ 70 వేలలో మా అమ్మాయి ఇంటర్ ఫీజు ఉంది, కాబట్టి కొత్తది కుదరదు. అలాగని అసలొద్దంటే మావాడు స్నేహితుల గదులకి పోతాడు, లేదా ఫోను పట్టుకుని దుప్పట్లో దూరతాడు. నాకు హాల్లో, కళ్ళెదుట ఆడటమే నయం.

గేములంటే మనకి భయం, నిజమే. కానీ అన్నిటినీ ఒకే గాట కట్టకండి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటల్నే నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహించమంది. కొంపలు ముంచేది పందెం. కారు రేసు గేము కాదు.

డబ్బు తీసేముందు మాత్రం సీపీయూ డబ్బా మూత తీయించండి. మనది విశాఖ. వన్ టౌన్ వైపు ఉండేవాళ్ళకి నల్లదుమ్ము గురించి నేను చెప్పక్కర్లేదు, పొద్దున తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి వేలు పెడితే తెలుస్తుంది. దానికి సముద్రపు తేమ తోడు. మా డబ్బాలో ఫ్యాను రెక్కల మీద ఆ దుమ్ము అట్టకట్టి ఉంది. గాలాడక లోపల వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము ఊదించి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించాం. ఇన్నాళ్ళూ టేబులు ఫ్యానులా రొద పెట్టేది, ఇప్పుడు ఆన్‌లో ఉందా అని మా అత్తగారే అడుగుతున్నారు.

తర్వాత హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ. కొత్త గేములు కొన్ని అది తప్పనిసరి అంటున్నాయి, పైగా ఇంట్లో అందరి పనీ త్వరగా అవుతుంది. ర్యామ్ కొనేటప్పుడు మీ బోర్డుకి ఏ రకం పడుతుందో కనుక్కోండి. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 ఎక్కదు, ఒక మిక్సీ జారు ఇంకోదానికి ఎక్కనట్టే. గ్రాఫిక్స్ కార్డు ఆఖరున. దానికి తగ్గ ఎస్ఎంపీఎస్ లేకుండా పెద్ద కార్డు పెట్టడమంటే లైటు వైరుకి గీజరు తగిలించడమే. పాత ప్రాసెసర్ పక్కన మరీ ఖరీదైన కార్డూ దండగే, ఇది దాని వేగాన్ని అందుకోలేదు.

ర్యామ్ ధర విని నేను ఉలిక్కిపడ్డాను. 2025 అక్టోబరు 14న మన విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటిస్తే అందరం సంబరపడ్డాం. ప్రపంచమంతా అలాంటి డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతున్నాయి, అందుకే చిల్లరగా కొనేవాళ్ళకి ఈ ధరలు. క్రూషియల్ పేరుతో మనకి ర్యామ్ అమ్మే మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారమే మానేస్తున్నట్టు డిసెంబరులో చెప్పింది. అందుకని మేం 8 జీబీయే కలిపాం. 32 ఎందుకు లేవన్నాను.

చిత్రం చూడండి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసిందీ అదే అక్టోబరు 14న. మా ఆరో తరం ప్రాసెసర్‌ని విండోస్ 11 ఒప్పుకోదు. ఇళ్ళలో వాడుకునేవాళ్ళకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు దాకా పొడిగించుకునే వీలుంది, అది చేయించాం. అయినా నా బ్యాంకు పనులు ఆ కంప్యూటర్లో చెయ్యను.

కార్డు ఇంకా కొనలేదు. సగం మావాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టాలి, మిగతా సగం నేనిస్తాను. ఒక షరతు కూడా పెట్టాను. మా అమ్మాయికీ రేసులంటే ఇష్టం, ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ అడగలేదు. శని, ఆదివారాల్లో మొదటి గంట దానిది. "అది ఆడుతుందా అమ్మా!" అని వీడు నవ్వాడు. నవ్వనీండి.