క్రొత్త లైకా దేనిని గెలిచినది?

1950వ సంవత్సరము ఏప్రిల్ మాసమున, పుదుచ్చేరి యింకను ఫ్రెంచివారి యేలుబడిలో నుండగా, హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు అరవిందాశ్రమమునకు వచ్చి, అనేక సంవత్సరములుగా ఏ కెమెరాకును లభింపని శ్రీ అరవిందుల రూపమును ఆయన గదిలోనే చిత్రించెను. ఆ యేడే డిసెంబరు 5వ తేదీన శ్రీ అరవిందులు దేహము చాలించుటచేత ఆ చిత్రములకు అనన్యమైన గౌరవము కలిగినది. ఛాయాగ్రహణమును గూర్చి ఆలోచించువారు ఇక్కడ గమనింపదగిన విషయ మొకటి కలదు. రేంజ్‌ఫైండరు కెమెరాలలో సర్వోత్తమమని నేడు లోకము కొనియాడుచున్న లైకా ఎం3 అప్పటికింకను పుట్టలేదు. అది 1954లో గాని వెలువడలేదు. 1932లో మార్సేల్స్ నగరమున తన మొదటి లైకాను సంపాదించిన ఆ కళాకారుడు తన ప్రసిద్ధ చిత్రములలో పెక్కింటిని, లెన్సును మరవలె త్రిప్పి బిగించవలసినవియు, దృశ్యమును చూచుటకొక రంధ్రము, దూరమును సరిచూచుటకు వేరొక రంధ్రము గలవియు నైన ఆ పూర్వకాలపు నమూనాలతోనే తీసియుండెను.

ఈ సంగతిని నేడు ప్రస్తావించుటకు కారణము కలదు. ఫిలిం కెమెరా శాశ్వతముగా మూలబడినదని అందరును తలచిన పిమ్మట యువజనులు మరల దానిని చేతబట్టుచున్నారు. పుదుచ్చేరి వైట్ టౌను పసుపుగోడల ప్రక్కనే కాక, పడమటగా పది కిలోమీటర్ల దూరమున నున్న మా విల్లియనూరులో సైతము, లూర్దుమాత కోవెల కోనేటి మెట్లపైనను, తిరుకామీశ్వరాలయపు గోపురము క్రిందను, మెడలో ఫిలిం కెమెరా వ్రేలాడుచుండగా సంచరించు యువకులు కనబడుచున్నారు. వీరి యుత్సాహమును కనిపెట్టియే కాబోలు, లైకా సంస్థవారు 1984లో తొలుత వెలువరించి రెండు దశాబ్దముల క్రిందట నిలిపివేసిన ఎం6 అను నమూనాను 2022 అక్టోబరులో మరల మార్కెట్టులోనికి దింపిరి. అమెరికాలో దాని ప్రారంభపు ధర 5,295 డాలర్లు. అనగా నాటి మారకము ప్రకారము నాలుగు లక్షల రూపాయలకు మించిన సొమ్ము. ఇంత ధనమును వెచ్చింపగలవాడును, వెచ్చింపలేకయే ఆశపడువాడును సమానముగా అడుగు ప్రశ్న యొకటే: ఈ క్రొత్తది పాతవానిని మించినదా?

నా అభిప్రాయమును ముందుగనే చెప్పెదను. 2022 నాటి ఎం6 తన పేరుగల 1984 నాటి ఎం6ను నిస్సంశయముగా మించినది. 1954 నాటి ఎం3ను మించలేదు. ఈ రెండు వాక్యములును ఒకదానికొకటి విరుద్ధములుగా తోచిన తోచవచ్చును; యంత్రము లోపల నేమున్నదో ఎరిగినవారికి మాత్రము అట్లు తోచవు.

రేంజ్‌ఫైండరు అనగా దూరమును కొలుచు సాధనము. కెమెరా ముఖమున రెండు కిటికీలుండును. రెంటినుండియు వచ్చిన బింబములు లోపలి యద్దముల మూలమున ఒకేచోటికి చేరి, చూచువాని కంటికి నడుమనున్న చిన్న చతురస్రములో జంటగా కనబడును. లెన్సును త్రిప్పుచుండగా ఆ రెండును సమీపించి, ఏ క్షణమున ఏకమగునో ఆ క్షణమున వస్తువు స్ఫుటముగా పడునని గ్రహింపవలెను. ఈ పరీక్ష యెంత నిశితముగా జరుగుననునది రెండు విషయములపై ఆధారపడియున్నది: కిటికీల నడిమి యెడము మొదటిది, లోపలి గాజు దృశ్యమును ఎంత పెద్దదిగా చూపుచున్నదనునది రెండవది. ఈ రెండు సంఖ్యలను గుణించిన వచ్చు ఫలమే ఆ కెమెరా యొక్క నిజమైన కొలత. ఎం3లో ఆ యెడము సుమారు 69 మిల్లీమీటర్లు, దృశ్యవర్ధనము 0.91, ఫలము 63 మిల్లీమీటర్లకు దరిదాపు. ఎం6లో ఎడము అదే, వర్ధనము 0.72 మాత్రమే, ఫలము 50 మిల్లీమీటర్లు. ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, 1933లో వచ్చిన లైకా మూడవ నమూనాయందు ఎడము 39 మిల్లీమీటర్లే యైనను, దూరమును చూచు రంధ్రమున దృశ్యము ఒకటిన్నర రెట్లు పెద్దదై కనబడుటచేత, దాని ఫలము 58 మిల్లీమీటర్లకు ఎక్కుచున్నది. అనగా తాతల కాలపు పనిముట్టు, దూరనిర్ణయమను ప్రధానవిషయమున, నేటి నాలుగు లక్షల రూపాయల వస్తువుకంటె సూక్ష్మమైనది. అరవిందాశ్రమ చిత్రములను తలచుకొనినప్పుడెల్ల నాకు ఈ లెక్క స్ఫురించుచుండును.

అట్లని 0.72 అను సంఖ్యను దోషముగా నెంచుట న్యాయము కాదు. 0.91 వర్ధనముగల ఎం3 కిటికీలో 50, 90, 135 మిల్లీమీటర్ల లెన్సుల దృశ్యపరిధిని చూపు గీతలు మాత్రమే కలవు. వీథిలో గుంపు నడుమ నిలిచి 35 మిల్లీమీటర్ల లెన్సుతో పనిచేయగోరువానికి అది చాలదు, పైన వేరొక కిటికీని తగిలించుకొనవలసియుండును. ఆ కొరతను తీర్చుటకే 1958 ప్రాంతమున ఎం2 పుట్టినది. తదాదిగా 0.72 స్థిరపడి, ఎం6 నాటికి 28 మొదలుకొని 135 వరకు ఆరు లెన్సుల గీతలు అందులో చేరినవి. కావున ఎం3 గెలుపు 50 మిల్లీమీటర్లను, అంతకు దీర్ఘమైనవానిని వాడువానికే వర్తించును. విశాలదృశ్యములను ప్రేమించువాడును, కంటియద్దములు ధరించువాడును ఎం2 వైపునకో, ఎం6 వైపునకో తిరుగుట యుక్తము.

ఇక క్రొత్తది పాతదానిని మించవలెనను సామాన్యవిశ్వాసమును చరిత్ర యెంతవరకు సమర్థించుచున్నదో చూతము. ఎం3 పుట్టిన 1954వ సంవత్సరము ఈ ప్రాంతమువారు ఎన్నటికిని మరువరానిది. విల్లియనూరు చేరువనున్న కీళూరు గ్రామమున ఆ అక్టోబరు 18న సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారతదేశమున చేరుటకు సమ్మతి తెలుపగా, నవంబరు 1న పాలన మనకు సంక్రమించినది. ఆ కాలమున జర్మనీలోని వెట్జ్‌లార్ కర్మాగారమున ఎం3ని తయారుచేసినవారు ఖర్చునకు వెనుదీయలేదు. 1971లో వచ్చిన ఎం5 స్థూలకాయమని కొనువారు నిరాకరింపగా, లెన్సు వెనుక అద్దముగల జపాను దేశపు ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు లోకమును ఆక్రమింపగా, రేంజ్‌ఫైండరు వంశమే అంతరించునేమో అన్నంత దుర్దశ సంభవించినది. 1977లో కెనడా దేశమున తయారైన ఎం4-2 ఆ వంశమును నిలిపినది. కాని నిలుపుటకై ఖర్చు తగ్గింపవలసి వచ్చి, రేంజ్‌ఫైండరు భాగమునుండి ఒక చిన్న గాజును తొలగించిరి. దాని ఫలితము ఎం6 వరకును ప్రాకినది. వెలుగు ఒక వాటమున ఎదురుగా పడినప్పుడు నడిమి చతురస్రము తెల్లబారి, బింబములు రెండును మాయమగును.

ఈ లోపము ఎంతటిదో మా యూరి తేరునాడు తెలియవలెను. వైకాశి మాసమున తిరుకామీశ్వరుని రథము కదలునప్పుడు, ఫ్రెంచి గవర్నరుల కాలమునుండి వచ్చుచున్న ఆచారము ననుసరించి నేటికిని ఉపరాజ్యపాలకులు వచ్చి త్రాడు పట్టుదురు; ప్రొద్దుటి సూర్యుడు ఎదుటనుండగా, జనసమ్మర్దము వెనుకకు నెట్టుచుండగా, రథచక్రముపైననో, త్రాడు పట్టిన ముదుసలి ముఖముపైననో దూరమును సరిచూచుకొనుటకు అరనిమిషమైనను వ్యవధి యుండదు. ఆ సమయమున చతురస్రము తెల్లబారిన కెమెరా గలవాడు కన్నుండియు చూపులేనివాడే యగును. 2003లో వచ్చిన ఎం.పి. అను నమూనాయందు ఆ లోపమును సవరించిరి; 2022 నాటి ఎం6 కిటికీ ఆ సవరించిన కిటికీయే. పైకప్పు సంగతియు ఇట్టిదే. 1984 నాటి ఎం6 పైకప్పును తుత్తునాగముతో పోతపోసిరి. తేమగల ప్రదేశములందు ఆ లోహము లోలోపల చెడి, పైపూత బొబ్బలెక్కుట కలదు. క్రొత్తదాని పైకప్పు ఇత్తడిదిమ్మనుండి చెక్కినది. సముద్రపుగాలి దినదినమును వీచు మా ప్రాంతమున ఇది అలంకారమునకు సంబంధించిన భేదము కాదు. ఈ రెండు సవరణలే క్రొత్త ఎం6 పాత ఎం6ను గెలిచినదనుటకు నేను చూపు ప్రమాణములు. ఆలోచించి చూచినచో ఆ రెండును 1954 నాటి పద్ధతికి మరలిపోవుటయే గాని అంతకు ముందునకు సాగుట కాదు.

ఎం6నకు గల నిజమైన అధికగుణము లైట్ మీటరు. ఎం3లో అది లేదు. షట్టరు తెరపై నున్న తెల్లని చుక్కనుండి ప్రతిఫలించిన వెలుగును కొలిచి, ఎఱ్ఱని గురుతులతో తగిన ప్రకాశమును తెలుపు ఈ సాధనము, గోపురపు నీడనుండి ఎండవీథిలోనికి అడుగిడిన క్షణమున ఎంత తోడ్పడునో వాడినవారెరుగుదురు. నిండు ఎండలో 16వ అపర్చరు నుంచి, ఫిలిం వేగమెంతయో షట్టరు వేగము నంతయే పెట్టవలెనను పూర్వుల సూత్రము మన దేశమున సంవత్సరములో అధికభాగము చక్కగా పనిచేయును; దీపారాధన వేళను, వాన మబ్బు క్రమ్మిన వేళను మాత్రము అనుభవహీనుని దగా చేయును. ఎం6లో మెచ్చదగిన వివేకమేమనగా, బ్యాటరీ అయిపోయినను మీటరు ఒక్కటే ఆగును; షట్టరు తన పని తాను చేసికొనుచునే యుండును. 2002 నాటి ఎం7 బ్యాటరీ లేనిచో రెండు వేగములకు పరిమితమగును; జైస్ సంస్థ పేరుతో జపానులో కోసీనావారు చేసిన జైస్ ఐకాన్, 75 మిల్లీమీటర్ల యెడమును అత్యంత నిర్మలమైన కిటికీని కలిగియుండియు, బ్యాటరీ లేక పూర్తిగా మూగబోవును. ఎలక్ట్రానిక్ పలకలు చెడినప్పుడు, తయారీదారుడు విడిభాగములను నిలిపివేసినచో, వానిని ఏ పనివాడును లేతుపై చేసియీయలేడు. ఎం3 లోపలి చక్రములును స్ప్రింగులును అట్లు కావు. గడియారపు పని తెలిసిన చేతికి అవి లొంగును. డెబ్బది యేండ్ల వస్తువు నేటికిని బాగుపడుచుండగా ఇరువది యేండ్ల వస్తువు బాగుపడకపోవుటకు కారణమిదియే, నేను యంత్రమయమైన కెమెరాల పక్షమును వహించుటకు కారణమును ఇదియే.

కోసీనావారు వోయిక్ట్‌లాండర్ పేరుతో 2000 మొదలుకొని 2015 వరకు చేసిన బెస్సా కెమెరాలు తక్కువ ధరకు ఈ విద్యను అనేకులకు అందుబాటులోనికి తెచ్చినవి. వాని యెడము 37 మిల్లీమీటర్లే. 35 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ కొరత తెలియనే తెలియదు. అదికాక వాని షట్టరు లోహపుది. ఎస్.ఎల్.ఆర్.లో వలె అద్దము అడ్డముండదు గనుక, రేంజ్‌ఫైండరు లెన్సును మూతలేక సూర్యునివైపు త్రిప్పి యుంచినచో, భూతద్దము క్రింది కాగితమువలె లైకా షట్టరు గుడ్డ కాలి రంధ్రము పడును. మన యెండలో ఈ ప్రమాదము చిన్నది కాదు. పాతవానిని కొనువారు మొట్టమొదట పరీక్షింపవలసినది దీనినే.

పాతవానికి వేరు వ్యాధులును కలవు. తేమచేత లెన్సులో బూజు పట్టును. ఎం3 క్రిందపడి యదరినచో లోపలి గాజుదిమ్మల నతికించిన జిగురు విడిపోయి రేంజ్‌ఫైండరు నల్లబడును. అట్లయినను, యుద్ధానంతరము ఫ్రాన్సులో ఓ.పి.ఎల్. సంస్థవారు చేసిన ఫోకా అను రేంజ్‌ఫైండరు, ఫ్రెంచి సైన్యమునందును కొలువులందును జీవితము గడపినవారి కుటుంబములు నివసించు ఈ గడ్డపై ఎవరి యింటి పెట్టెలోనైన లభించినచో, దానిని తూకమునకు వేయక తుడిచి పరీక్షించుడని నా ప్రార్థన. మొత్తముమీద, నాలుగు లక్షలు క్రొత్త ఎం6నకు ధారపోయుటకంటె, బాగుచేయించిన ఎం2నో ఎం3నో కొని, మిగిలిన సొమ్మును ఫిలింపైన వెచ్చించువాడే ఎక్కువ చిత్రములు తీయునని నా నిశ్చితాభిప్రాయము. ఉదకమండలమున 1967లో ఉత్పత్తి నారంభించి ఇందు పేరుతో ఫిలిం చేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడినందున, మనము వాడు ప్రతి చుట్టయు విదేశమునుండి రావలసినదే. దాని వెల కెమెరా వెలను తలచినవాడు తప్పక తలచవలెను.

కొనబోవువాడు పాటింపవలసిన పరీక్ష సులభమైనది. షట్టరును ఒక సెకను వేగమున పెట్టి నొక్కి, చక్రముల సవ్వడి తడబడక సాగుచున్నదో లేదో వినవలెను. వెనుక తలుపు తెరచి దీపమునకు చూపి, షట్టరు గుడ్డలో సూదిమొనయంత వెలుగైనను దూరుచున్నదేమో పరికింపవలెను. తరువాత లెన్సును అనంతదూరమున నిలిపి, కిలోమీటరునకు మించిన దూరమునుండి ఆలయగోపుర శిఖరమును చూడవలెను. ఆ శిఖరము రెండుగా కనబడినచో రేంజ్‌ఫైండరు సర్దుబాటు తప్పినదని యర్థము. అప్పుడు మరమ్మతుకు పట్టు వ్యయమును ధరలోనుండి తగ్గించి యడుగవలెను, ఒప్పుకొననివాని వస్తువును విడిచిపెట్టవలెను.