చెవికి కూడా చదువు కావలెను

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల విద్యార్థులు ఆంగ్లాన్ని కంటితోనే నేర్చుకొనుచున్నారు. పుస్తకంలోని పేరా వారికి బోధపడుతుంది. అదే పేరాను మరొకరు చదివి వినిపించినచో సగం జారిపోతుంది. విదేశీ విద్యకై వ్రాసే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో ఈ లోపం దాగదు. అందులో పఠనానికి 60 నిమిషాలు, 40 ప్రశ్నలు. శ్రవణానికీ 40 ప్రశ్నలే. వినుటకు సుమారు 30 నిమిషాలు, అదీ ఒక్క పర్యాయమే.

పదాల పట్టికలను కంఠస్థం చేయుటే ఇందుకు మందని పలువురి విశ్వాసం. మేము అంగీకరింపజాలము. ఇంట ఉర్దూ, బజారున తెలుగు మాట్లాడే మన పిల్లలు ఏ పట్టికను వల్లించి ఆ రెండవ భాషను నేర్చినారు? విన్నారు, సందర్భాన్ని బట్టి అర్థాన్ని ఊహించినారు, తిరిగి పలికినారు. ఆంగ్లానికీ ఇదే మార్గం. మన ఉదయగిరి చెక్క చెంచాల తయారీని గురించి పది ఆంగ్ల వాక్యాలు విని, పిదప చదివి, కొత్త పదాలతో సొంత వాక్యాలు వ్రాసిన విద్యార్థులు ఆ పదాలను మరువరు.

దినమునకు అరగంట ఒకరు చదువగా తక్కినవారు పుస్తకం మూసి వినవలెనని విద్యార్థులకు మా సూచన. గ్రంథాలయంలో ఇందుకొక గదిని, ధ్వనిముద్రణలను సమకూర్చవలసినదిగా కళాశాల సంఘానికి మా మనవి. నగరాలలో రుసుము చెల్లించి పొందే ఈ అభ్యాసం, స్తోమత లేదన్న కారణాన మన పిల్లలకు దూరం కారాదు.