పశువుల తొట్టి - యూరియా బస్తా

కాగితపు మిల్లువలన కాగజ్‌నగరమునకు ఆ పేరు వచ్చినను, చుట్టుపట్ల పల్లెలను బ్రదికించునది ప్రత్తి. ప్రత్తిమొక్కల మొదళ్ల యూరియా వేయుట పెక్కుచోట్ల స్త్రీల పనియే. ఆ తెల్లని గుళికలను గూర్చి మేమీ నెల కొంత ముచ్చటింపదలచితిమి.

యూరియా అమైడులను తెగకు జెందినది. అందు నూటికి 46 పాళ్లు నత్రజని. రామగుండమున 1999లో మూతబడిన కర్మాగారమునకు బదులు నెలకొల్పిన క్రొత్తది 2021నుండి దీనిని తయారుచేయుచున్నది. వట్టినీటిలో యూరియా చాలకాలము చెడక యుండును. యూరియేజను ఎంజైము తగిలినచో మాత్రము నీటి సాయమున త్వరలోనే విడివడి అమ్మోనియాగను, బొగ్గుపులుసు వాయువుగను మాఱును. ఈ ఎంజైము నేలలోని సూక్ష్మజీవులయందును, పుచ్చగింజలయందును, పచ్చి సోయాగింజలయందును గలదు. వేకువను కొట్టము తలుపు తీయగనే ముక్కున కెక్కు ఘాటు దీని పనియే. ఎఱువును పైపైన చల్లక మట్టితో గప్పుమనుటయు నిందులకే. లేనిచో కొన్న సొమ్ము గాలిపాలగును.

సోదరీమణులు పసుపునకు సున్నము చేర్చి పారాణి కలుపుదురు గదా! క్షారము తగిలిన పసుపు ఎఱ్ఱబాఱును. వంటకు వాడని రెండు గిన్నెలలో యూరియా నీరు పోసి, చిటికెడు పసుపు వేసి, ఒకదానిలో నూఱిన పచ్చి పుచ్చగింజల ముద్ద కలిపి చూడుడు. కొంతసేపటికి అది ఎఱుపెక్కును. రెండవది పసుపుగనే నిలుచును. ఉడికించిన గింజల కీ శక్తి యుండదు. 1926లో అమెరికాయందు సమ్నరను రసాయనజ్ఞుడు ఒక జాతి చిక్కుడుగింజలనుండి దీనిని స్ఫటికములుగా దీసి, ఎంజైము మాంసకృత్తేయని చాటెను. పెద్దలు చాలకాలము నమ్మరైరి. 1946లో నోబెలు బహుమానమున భాగము లభించెను. పదునేడేండ్ల ప్రాయముననే వేటలో ఎడమచేయి పోగొట్టుకొన్నవా డాయన!

ముఖ్యవిషయ మిక వినుడు. పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులయందు యూరియేజు మిక్కుటము. బస్తా కడిగిన నీరు త్రాగినను, ఒలికిన గుళికలు నాకినను, అమ్మోనియా ఒక్కుమ్మడిగా బుట్టి రక్తమున కెక్కును. కడుపుబ్బును, చొంగ కాఱును, ఒడలు వణకును. కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును. పాడిగేదె పోయిన ఇంట ఇల్లాలి చేతి రాబడి యంతయు బోయినట్లే. తక్షణమే పశువైద్యుని బిలిపింపవలెను. వైద్యులు చల్లనినీటితో వెనిగరు పట్టింతురు. చల్లదనము ఎంజైము పనిని మందగింపజేయును, పులుపు అమ్మోనియాను రక్తమున బోనీయదు. పడిపోయిన పశువు నోట మనము ఏదియు బోయరాదు, ఊపిరితిత్తులలోనికి బోవును.

బస్తాను కొట్టమునకు దూరముగ, ఎత్తున నుంచుడు. యూరియా నానిన బకెట్టును కుడితితొట్టిలో ముంచకుడు. యూరియా కలిపిన దాణాలో పచ్చి సోయాగింజలు ఎన్నడును వేయకుడు.